కార్డు కూడా లేనివాళ్ళు

ముప్ఫై మూడేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహశీల్దారుగా దిగాను. రిటైరయ్యాక ఇక కాగితం ముట్టకూడదని ఒట్టు పెట్టుకుంటే అది రెండేళ్ళు కూడా నిలవలేదు. ఇప్పుడు కాకినాడలో మా ఇంటి వరండాలో కూర్చుని, పొద్దున్నే కాఫీ తాగి కళ్ళజోడు తుడుచుకుని, ఎనభై ఏళ్ళ కిందటి జర్మన్ నిర్బంధ శిబిరాల ఖైదీ కార్డులు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటాను. జీతం లేదు. టీఏ, డీఏ అసలే లేవు.

ఇది ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అమ్మాయి ఉండే వీధిలో మొదలైంది. 2022 వేసవిలో మూడు నెలలు అక్కడ ఉన్నాం. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తుంటే రెండిళ్ళ అవతల గుమ్మం ముందు ఫుట్‌పాత్ రాళ్ళ మధ్య అరచేతంత ఇత్తడి పలక కనిపించింది. దాని మీద ఐదారు వరుసల అక్షరాలు చెక్కి ఉన్నాయి. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఇక్కడ కూడా సర్వే రాళ్ళు పాతుతారా అమ్మా?" అన్నాను మనవరాలితో. దానికి పదకొండేళ్ళు.

"సర్వే రాయి కాదు తాతయ్యా. ఈ ఇంట్లో ఉండే ఆవిణ్ణి తీసుకెళ్ళి చంపేశారు" అని వరుసగా చదివింది. ఇక్కడ నివసించారు. పేరు. పుట్టిన సంవత్సరం. 1941లో తరలింపు, లిట్స్‌మన్‌స్టాట్. హత్య.

లిట్స్‌మన్‌స్టాట్ అంటే పోలండ్‌లోని ఊచ్ నగరానికి నాజీలు పెట్టిన పేరు. 1941 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల్ని వెయ్యిమందికి పైగా ఒకే విడతలో రైలెక్కించి అక్కడి ఘెట్టోకి, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటకి, పంపారట. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో ఈ రాళ్ళు వేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు యూరప్ అంతటా లక్షకు పైగా ఉన్నాయి. మనిషి చివరిసారిగా తన ఇష్టంతో కాపురమున్న ఇంటి ముందు వేస్తారు. ఏటా నవంబరు 9న చుట్టుపక్కల వాళ్ళు వాటిని తోముతారు.

ఆ రాయి నల్లబడి ఉంది. ఇత్తడికి చింతపండు మించింది లేదు కదా! మర్నాడు వంటింట్లోంచి ఓ ఉండ పట్టుకెళ్ళి, మనవరాలూ నేనూ మోకాళ్ళ మీద కూర్చుని తోమాం. అక్షరాల గాళ్ళలో ఇరుక్కున్న పీచు అగ్గిపుల్లతో తీయాల్సి వచ్చింది. దారిన పోయే ఒక ముసలావిడ ఆగి ఏదో అడిగితే పిల్ల జవాబు చెప్పింది. ఆవిడ వంగి నా చేతిలోని చింతపండు వాసన చూసి, తలూపి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నన్ను కుదురుగా పడుకోనివ్వనిది దుఃఖం కాదు, అబద్ధమెందుకు చెప్పాలి? అది గుమాస్తా సందేహం. ఇన్ని వివరాలు వీళ్ళకి ఎక్కడివి? ఎవరో రాసిపెడితేనే కదా దొరికేది? అల్లుణ్ణి అడిగితే బాడ్ ఆరోల్సెన్ అనే చిన్న ఊరి సంగతి చెప్పాడు. యుద్ధం అయ్యాక, తప్పిపోయిన వాళ్ళని వెతకడానికి అక్కడ ఒక ఆఫీసు పెట్టారు. నిర్బంధ శిబిరాల్లో దొరికిన రికార్డులు చాలావరకు అక్కడికి చేరాయి. ఇప్పుడు దాని పేరు ఆరోల్సెన్ ఆర్కైవ్స్. మూడు కోట్ల పత్రాలు, కోటీ డెబ్బై అయిదు లక్షల మంది వివరాలు. వాటిలోని పేర్లు కంప్యూటర్లో వెతికితే దొరికేలా చేయడానికి 2020 నుంచి ప్రపంచంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని సాయం చేసే ఏర్పాటు పెట్టారు.

"నీకు పాత దస్తూరీ చదవడం అలవాటే కదా నాన్నా, చెయ్యరాదూ" అంది మా అమ్మాయి. పాత అడంగల్‌లో చెదలు తిన్న పేజీ కూడా చదివేవాడినని ఆఫీసులో నాకు పేరుండేది. ఆ పొగరుతోనే కూర్చున్నాను.

నాకు ఈ చరిత్ర ఎంత తెలుసో కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అంటే మా ఇంట్లో కాకినాడ మీద పడిన బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. మా నాన్నకి అప్పుడు తొమ్మిదేళ్ళు. బండి కట్టుకుని పెద్దాపురం చుట్టాలింటికి పారిపోయి నెల్లాళ్ళు ఉన్నామని చచ్చేదాకా చెప్పాడు. ఇక హిట్లర్ అంటే, అయిదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు సెలవు వేసే ఒక ఆఫీసరుకి మేం చాటుగా పెట్టుకున్న పేరు. అరవై లక్షల మంది యూదుల్ని చంపారు అన్నది గ్రూప్-2కి చదువుకున్న బిట్టు. అంతే.

పని చూడ్డానికి తేలిక. తెర మీద ఒక కార్డు ఫోటో వస్తుంది. పక్కన గడులు. ఇంటి పేరు, పేరు, పుట్టిన తేదీ, ఖైదీ నంబరు, ఇలా ఏ రకం కార్డుకి ఆ గడులు. చదివి టైపు చేసి పంపడమే. ఒకే కార్డుని ఒకరికొకరు తెలియని వేర్వేరు మనుషులు ఎక్కిస్తారు. అందరిదీ ఒకటే అయితే సరే, తేడా వస్తే ఆర్కైవ్స్ వాళ్ళే చూసి తేలుస్తారు. ఈ పద్ధతి మా దగ్గర ఉంటే పాస్‌బుక్కుల్లో తండ్రి పేర్లు అన్ని తప్పులు పడేవి కావు.

మొదటి కార్డుకి నలభై నిమిషాలు పట్టింది. పొగరు దిగింది. వాళ్ళ 1కి తల మీద పొడవాటి తోక, మనం చూస్తే 7 అనుకుంటాం. వాళ్ళ 7కి నడుం మీద అడ్డగీత. పాత దస్తూరీలో n, u, e మూడూ ఒకే రకం ముల్లుల్లా ఉంటాయి. u మీద మాత్రం చిన్న వంపు గీత పెడతారు, అది పట్టుకుంటే సగం పని అయినట్టే. తేదీలు మాత్రం మనలాగే, రోజు, నెల, సంవత్సరం. కొందరు నెలని రోమన్ అంకెలో వేస్తారు. ఊళ్ళ పేర్లతో ఇంకా తంటా. ఒకే ఊరిని జర్మన్‌లో లెంబెర్గ్ అంటారు, పోలిష్‌లో ల్వూఫ్, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వీవ్. మనం సరిచేయకూడదు. కార్డు మీద ఏది ఉంటే అదే.

మొదటి వారంలో ఒక తెలివితక్కువ పని చేశాను. చాలామంది జర్మన్ యూదుల పేర్లలో మధ్యన 'ఇజ్రాయెల్' అని వస్తోంది. ఆడవాళ్ళకి 'సారా'. మా గోదావరి జిల్లాల్లో ఇంటికో సత్యనారాయణ ఉన్నట్టు వీళ్ళకి అది ఇష్టమైన పేరు కాబోలు, ఎంత భక్తో అనుకున్నాను. మా ఆవిడతో ముచ్చటగా చెప్పాను కూడా. తర్వాత తెలిసింది. 1938 ఆగస్టులో ఒక ఉత్తర్వు తెచ్చారు. పేరు చూడగానే యూదులని తెలియకపోతే, 1939 జనవరి 1 నుంచి మగవాళ్ళందరూ ఇజ్రాయెల్ అనీ, ఆడవాళ్ళందరూ సారా అనీ తగిలించుకుని తీరాలి. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, జీవోతో పెట్టిన పేరు. అప్పటినుంచి ఆ మాట టైపు చేసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది.

నన్ను నిజంగా పట్టుకున్నది ఆ ఫారం. జర్మనీలోని బూకెన్‌వాల్డ్ శిబిరం ఖైదీ కార్డు ఒకటి తీసుకోండి. అచ్చు వేయించిన మంచి అట్ట. పుట్టిన తేదీ, ఊరు, వృత్తి, మతం, పెళ్ళయిందా, పిల్లలెందరు, దగ్గరి బంధువుల చిరునామా. కుడిపక్క ఒంటి వర్ణన: ఎత్తు, కళ్ళు, ముక్కు, నోరు, చెవులు, జుట్టు, పళ్ళు. పళ్ళు అన్న గడిలో 'పూర్తిగా ఉన్నాయి' అని రాస్తాడు, లేదా 'సందులున్నాయి' అని. కింద ఎక్కడినుంచి వచ్చాడు, ఎక్కడికి పంపారు. కొన్ని కార్డుల మీద 'హోలరిత్' అన్న రబ్బరు స్టాంపు కూడా ఉంటుంది. అంటే వివరాలు పంచ్‌కార్డుల మిషన్లోకి ఎక్కించేశారని గుర్తు. మా ఆఫీసులో 'కంప్యూటరైజ్డ్' అని వేసేవాళ్ళం, అచ్చం అలాగే.

నిర్బంధానికి కారణం అని ఒక గడి ఉంటుంది. నేరం ఏమిటో అక్కడ రాయాలి. దొంగతనమనో, దేశద్రోహమనో. ఆ గడిలో చాలా కార్డుల మీద ఉన్నది ఒకటే మాట: యూదుడు.

నేను ముప్ఫై మూడేళ్ళు ఫారాలు నింపినవాణ్ణి. ఒక ఫారం చూస్తే నింపినవాడి స్వభావం చెప్పగలను. ఇది చేసినవాడు తాగుబోతు కాదు, పిచ్చివాడు కాదు. గీతలు దాటకుండా రాశాడు. తప్పు పడితే నీటుగా కొట్టేసి పైన సరిచేశాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత రాసినవాటిలో దస్తూరీ కాస్త వాలుతుంది, అది కూడా కనిపిస్తుంది నాకు. నా పక్క సీట్లో ఉంటే వీడికి బెస్ట్ ఎంప్లాయీ సర్టిఫికెట్టు వచ్చేది. శిబిరాలు నడిపిన నాజీ దళం ఎస్.ఎస్. వాడు కానక్కర్లేదు కూడా. చాలా శిబిరాల్లో ఈ రాతకోతలు ఖైదీలైన గుమాస్తాల చేతే చేయించేవారు. ఏ చెయ్యి ఎవరిదో కార్డు చెప్పదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1990లలో ఒక ఏడాది, నేను పనిచేసే చోట వృద్ధుల పింఛన్ల జాబితా కుదించమని పైనుంచి నోటి మాటగా వచ్చింది. ఇంతమంది తగ్గాలి అని లెక్క చెప్పారు, ఎవరు అన్నది మా ఇష్టం. ఎర్ర సిరాతో పేర్లు కొట్టేసి ప్రతి కొట్టివేత పక్కనా ఇనిషియల్ పెట్టాను. నెలయ్యాక ఒక ముసలావిడ వచ్చి, "బాబూ, నేను బతికే ఉన్నాను కదా, నా పేరెందుకు తీశారు?" అంది. రిజిస్టరు తీసి చూపించి, "ఆర్డరు వచ్చిందమ్మా" అన్నాను. దాన్ని దీంతో పోల్చడం లేదు. పోలిస్తే ఆ చచ్చిపోయిన వాళ్ళకి అన్యాయం. కానీ కార్డు మీద నీటుగా ఉన్న కొట్టివేత కనబడ్డప్పుడల్లా ఆ ఎర్ర సిరా గుర్తొస్తుంది. ఏం చెయ్యను?

నాలుగైదు నెలలు గడిచాక వచ్చిన ఒక కార్డుతో నా లెక్కే తలకిందులైంది. హంగరీ నుంచి తెచ్చిన యూదుడు. పుట్టింది 1899. వృత్తి వ్యాపారం. 1944 మే నెలలో పోలండ్‌లోని ఔష్విట్జ్ శిబిరం, జూన్ మొదట్లో అక్కడినుంచి బూకెన్‌వాల్డ్. పిల్లలు ఇద్దరు. బంధువుల చిరునామా గడిలో భార్య పేరు రాసి, పక్కన 'ప్రస్తుతం ఔష్విట్జ్ శిబిరం' అని ఉంది.

నేను సంతోషపడ్డాను. నిజంగానే. భార్య పేరు దొరికింది, ఆవిడ కార్డు కూడా ఎక్కడో ఉంటుంది, ఎవరో ఒకరు ఎక్కిస్తారు, ఇద్దరూ ఒకచోట తేలతారు అనుకున్నాను. ఆ సాయంత్రం అమ్మాయితో ఫోన్లో చెప్పాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నాన్నా, చిన్నపిల్లలున్న ఆడవాళ్ళకి అక్కడ కార్డు రాయరు."

అప్పుడు కూర్చుని చదివాను. 1944 మే 15 నుంచి జులై 9 వరకు, ఎనిమిది వారాల్లో, హంగరీ నుంచి 4,30,000 మందికి పైగా యూదుల్ని తరలించారు. దాదాపు అందరినీ ఔష్విట్జ్‌కే. రైలు దిగగానే పనికొచ్చేవాళ్ళు ఒక పక్క. ముసలివాళ్ళు, పిల్లలు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఇంకో పక్క. రెండో పక్క వాళ్ళని అటునుంచి అటే గ్యాస్ గదులకు తీసుకెళ్ళారు. వాళ్ళకి నంబరు వేయలేదు. పేరు అడగలేదు. పళ్ళు లెక్కపెట్టలేదు. ఔష్విట్జ్‌కి మొత్తం తెచ్చింది సుమారు 13 లక్షల మందిని, నంబరు వేసి రాసుకున్నది 4 లక్షల మందినే. చనిపోయింది 11 లక్షలు. రాసుకున్న కాగితాల్లో కూడా చాలావాటిని సోవియట్ సైన్యం వచ్చేలోగా తగలబెట్టేశారు.

అన్నాళ్ళూ నేను కార్డు అంటే చావు అనుకున్నాను. కాదు. కార్డు ఉందంటే ఆ మనిషి ఇంకొన్నాళ్ళు బతికాడు. బూకెన్‌వాల్డ్‌కి పోయిన ఆ వ్యాపారి, భార్యాపిల్లలు ఔష్విట్జ్‌లో ఉన్నారనే చెప్పి ఉంటాడు, గుమాస్తా అదే రాసుకుని ఉంటాడు. ఆ గడి రాసేటప్పటికి వాళ్ళు ఉన్నారో లేదో.

కార్డే లేనివాళ్ళకి మరి లెక్క ఎలా వచ్చింది? దీనికి దొరికిన జవాబు నాలాంటివాడికి మరీ దారుణం. పోలండ్ తూర్పున బెల్జెక్, సోబిబోర్, ట్రెబ్లింకా అని మూడు చోట్లు కేవలం చంపడానికే కట్టారు. 1943 జనవరి 11న హెర్మన్ హోఫ్లె అనే ఎస్.ఎస్. అధికారి లుబ్లిన్ నుంచి ఒక వైర్‌లెస్ సందేశం పంపాడు. 1942 డిసెంబరు 31 దాకా వచ్చినవాళ్ళ మొత్తం. ఊళ్ళ పేర్లు కూడా లేవు, మొదటి అక్షరాలే. ఎల్ 24,733. బి 4,34,508. ఎస్ 1,01,370. టి 71,355. మొత్తం 12,74,166. ఎల్ అంటే లుబ్లిన్‌లోని మైదానెక్. బ్రిటిష్ వాళ్ళు గాలిలోంచి పట్టి కోడ్ విప్పారు గానీ అది ఏమిటో అప్పట్లో అర్థం కాలేదు. లండన్ ఆర్కైవ్స్‌లో 2000లో బయటపడింది.

అలవాటు కొద్దీ పెన్సిల్ తీసి కూడాను. కుదరలేదు. మళ్ళీ కూడాను. 6,31,966 వస్తోంది, వాళ్ళు వేసింది 12,74,166. తేడా 6,42,200. చివరికి తెలిసింది, టి దగ్గర ఒక 5 జారిపోయింది. అది 7,13,555. అది పెడితే టోటల్ ఒక్క అంకె కూడా తప్పకుండా కుదురుతుంది. టి అంటే ట్రెబ్లింకా. మా ఆఫీసులో డీసీబీ, అంటే డిమాండు, వసూలు, బాకీల లెక్క, టోటల్ కుదిరితే అమ్మయ్య అనుకుని టీ చెప్పించుకునేవాళ్ళం. ఆ రోజు టోటల్ కుదిరాక పెన్సిల్ పక్కన పెట్టి బయటికి వెళ్ళి సముద్రం దాకా నడిచి వచ్చాను. వారం రోజులు కంప్యూటర్ తెరవలేదు.

"ఈ వయసులో నీకెందుకీ టెన్షన్, మానెయ్" అంది అమ్మాయి. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఎనిమిదో రోజు తనే కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి పెట్టింది.

వాన్‌జే సమావేశం గురించి మీరు వినే ఉంటారు. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో పదిహేను మంది అధికారులు కూర్చుని యూరప్ యూదులందర్నీ ఎలా తుడిచిపెట్టాలో మాట్లాడుకున్నారు. దాని మినిట్స్ ఐష్‌మన్ అనే ఎస్.ఎస్. అధికారి తయారు చేశాడు. దేశాలవారీ జాబితా, మొత్తం కోటీ పది లక్షలు. యుద్ధంలో లేని ఐర్లండ్‌లోని నాలుగు వేల మంది కూడా ఉన్నారందులో. ముప్ఫై కాపీలు తీస్తే పదహారో నంబరు కాపీ ఒక్కటి దొరికింది. అందులో ఎక్కడా చంపడం అన్న మాట రాయలేదు. 'తరలింపు' అనీ, 'తగిన విధంగా చూడటం' అనీ రాశారు. మినిట్స్ రాయడం తెలిసిన ఎవడికైనా ఆ భాష కొత్తేం కాదు.

వీళ్ళందరి మధ్యా నాకు నచ్చిన కథ ఆమ్‌స్టర్‌డామ్‌ది. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్లు యూరప్‌లోకెల్లా పద్ధతిగా ఉండేవి. మతం కూడా రాసి ఉండేది. ఆ పద్ధతే కొంప ముంచింది. అక్కడి యూదుల్లో ముప్పాతిక వంతు మంది చనిపోయారు. దొంగ గుర్తింపు కార్డులు చేసి ఇచ్చినా, ఆఫీసు రిజిస్టరుతో పోలిస్తే దొరికిపోయేవారు. 1943 మార్చి 27 రాత్రి విలెమ్ అరోండెయస్ అనే కళాకారుడూ మరికొందరూ పోలీసు యూనిఫాంలు వేసుకుని రిజిస్టర్ల ఆఫీసులోకి వెళ్ళారు. కాపలావాళ్ళకి మత్తు ఇంజెక్షన్లిచ్చి బయట పడుకోబెట్టారు. కార్డులు నేల మీద పోసి నిప్పు పెట్టారు. ఫైర్ ఇంజన్ వాళ్ళు తీరిగ్గా వచ్చి, మంట కంటే కాగితాల మీద ఎక్కువ నీళ్ళు పోశారట. అయినా కాలింది మొత్తంలో సుమారు పదిహేను శాతమే. దట్టంగా కట్టిన కాగితం అంత తేలిగ్గా కాలదు, అది నాకు తెలుసు. అరోండెయస్‌తో కలిపి పన్నెండు మందిని ఆ జులైలో కాల్చి చంపారు. రికార్డు రూము తాళాలు ఇరవై ఏళ్ళు నడుముకి కట్టుకు తిరిగిన నేను, రికార్డులు తగలబెట్టినవాళ్ళకి దణ్ణం పెడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పటికి పద్దెనిమిది వందల కార్డులు దాటాయి. రోజుకి అయిదు, ఒక్కోసారి పది. ఇరవై చేస్తే చదవడం మానేసి నింపడం మొదలవుతుంది, అందుకని ఆపేస్తాను.

నిన్న వచ్చింది వేరే రకం. శిబిరంలోకి రాగానే తీసేసుకున్న సొంత వస్తువుల చిట్టా. తేదీ 1938 నవంబరు. అంటే 9వ తేదీ రాత్రి ప్రార్థనాలయాలు తగలబెట్టి, దుకాణాల అద్దాలు పగలగొట్టి, ముప్ఫై వేల మంది మగవాళ్ళని పట్టుకుపోయారే, వాళ్ళలో ఒకడన్నమాట. అలా తెచ్చిన చాలామందిని, దేశం వదిలి పోతామని రాయించుకుని కొన్ని వారాల్లో విడిచిపెట్టారు. ఇతను తర్వాత ఏమయ్యాడో ఈ కార్డులో లేదు. టోపీ ఒకటి. ఓవర్‌కోటు ఒకటి. కోటు, ప్యాంటు, చొక్కా. బూట్లు ఒక జత. మేజోళ్ళు ఒక జత. టై ఒకటి. వాచీ గడిలో గీత.

ఇంటి పేరు, పేరు, పుట్టిన తేదీ, నంబరు ఎక్కించాను. కింద ఖైదీ సంతకం ఉంది. కార్డు మొత్తంలో అతను తన చేత్తో రాసింది అదొక్కటే. దానికి మాత్రం గడి లేదు, మమ్మల్ని అడగరు. పెద్దది చేసి చూశాను. మొదటి అక్షరం దగ్గర కలం ఎక్కువసేపు ఆగినట్టుంది, సిరా కాస్త ఊరింది.